సునామీకి నూట మూడు రోజుల ముందు

వండూర్ బస్సు సిప్పీఘాట్ మలుపు తిరుగుతుండగా కిటికీలోంచి బురద వాసన వచ్చింది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే లేచే వాసన అది. ఉప్పు, కుళ్ళిన మడ ఆకులు, ఎండ తగిలిన నత్తగుల్లలు అందులో కలిసి ఉంటాయి. పక్కన కూర్చున్న యువతి దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఆంటీ, ఖిడ్కీ బంద్ కర్ దో నా" అంది. కిటికీ మూశాను గాని, మూసే ముందు చేతి గడియారం చూసుకున్నాను. పదీ నలభై. నీరు పూర్తిగా దిగడానికి ఇంకా అరగంట పట్టవచ్చునని అంచనా వేశాను. ఇంటికి వెళ్ళి ఆ నాటి ఆటుపోట్ల పట్టికతో సరిచూస్తే ముప్పై ఆరు నిమిషాలని తేలింది. ఆరు నిమిషాల తేడా. సన్యాసిరావు గారు ఆ తేడాను ఒప్పుకునేవారు కారు. కానీ సముద్రాన్ని ముక్కుతో కూడా చదవవచ్చునని నాకు చెప్పినవారు ఆయనే కనుక, లోలోపల సంతోషించేవారు.

పోర్ట్‌బ్లెయిర్‌లో, జెట్టీ పక్కన రెండు గదుల ఆఫీసులో, ఆటుపోట్లను గంటగంటకూ కొలిచి రిజిస్టరులో ఎక్కించడం మా ఉద్యోగం. సన్యాసిరావు గారు అక్కడ మాకు పెద్ద. తాతగారి కాలంలోనే భీమునిపట్నం వైపు నుంచి ద్వీపాలకు వచ్చి స్థిరపడిన కుటుంబం. చౌల్దారీలో ఇల్లు, ఇంటికి దిగువన రెండెకరాల వరిపొలం. నేను ఉద్యోగంలో చేరింది 1996 జూన్ 10, సోమవారం. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆయనకు యాభై. ఆడపిల్లను జెట్టీ మీద నిలబెట్టవచ్చునా అని పై అధికారి సందేహిస్తే, "సముద్రానికి లేని పట్టింపు మనకెందుకండీ" అన్నారట. ఆ మాట నాకు చాలా కాలం తరువాత వేరొకరు చెప్పారు. ఆయన మాత్రం మొదటి రోజున నాతో ఆప్యాయంగా ఒక్క మాటైనా అనలేదు. జెట్టీ స్తంభానికి బిగించిన గీతల కర్ర దగ్గరకు తీసుకువెళ్ళి, నీటి మట్టం ఎంతో చెప్పమన్నారు.

"నూట నలభై రెండు సెంటీమీటర్లండీ" అన్నాను.

"ఎన్ని అలలు సూసేవమ్మా?"

"ఒకటండీ."

"ఒక్క అలని సూసేసి సముద్రం ఎత్తు చెప్పేస్తావేటి? పది సూడు. పైకెంత లేచింది, కిందికెంత దిగింది, రాసుకో, కలుపు, భాగించు. అప్పుడు నాకు చెప్పు."

అక్కడే తాడు చుడుతున్న ఫెర్రీ పనివాడొకడు నవ్వి, "రావ్ సాబ్, సమందర్ కహీఁ భాగ్ థోడీ రహా హై" అన్నాడు. ఆయన తలైనా తిప్పకుండా, "పారిపోదురా. అందుకే తొందర లేదు" అన్నారు. నేను పది అలలు చూశాను. నూట ముప్పై ఏడు వచ్చింది. ఐదు సెంటీమీటర్లు నా కంటి తొందరలో పుట్టినవి. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఆ రెండు అంకెలే.

మా ఆఫీసులో రబ్బరు ఉండేది కాదు. జెట్టీ మీద పెన్సిలుతో రాసే చిత్తు కాగితంలో తప్పు దొర్లితే దానిపై ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెట్టాలి. తప్పు కూడా కనబడుతూ ఉండాలన్నది ఆయన నియమం. ఒకసారి నేను 116కు బదులు 161 అని రాశాను. ఆయన వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ అంకె మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా, నేను చూసేదాకా అలాగే ఉన్నారు. ఎవరి తప్పునైనా ఆయన చూపించే పద్ధతి అదే. నలుగురి ముందు కాదు, ఎదురుగా నిలబడి కాదు, పక్కన కూర్చుని. నేను సిగ్గుతో క్షమించమని అడిగితే, "నాకెందుకు చెప్తావు? ఆ అంకె నాదీ కాదు, నీదీ కాదు. దాన్ని నమ్ముకుని లోపలికొచ్చే ఓడది" అన్నారు. ఎనిమిదేళ్ళు ఆ నియమాన్ని తప్పలేదు. తరువాత తప్పాను, ఆయన కోసమే తప్పాను.

2004 సెప్టెంబరు 14, మంగళవారం. ఆయన జెట్టీ నుంచి తెచ్చిన చిత్తు కాగితాన్ని రిజిస్టరులోకి ఎక్కిస్తున్నాను. తొమ్మిది గంటలకూ పది గంటలకూ ఒకే అంకె ఉంది. ఆ ఉదయం నీరు పోటు మీద ఉంది. గంటలో జానెడైనా పెరగాలి. సముద్రం ఒక గంటపాటు ఊరికే నిలిచిపోయిందని ఆ కాగితం చెబుతోంది. ఎండ కళ్ళలో పడిందేమో అనుకుని నేనే జెట్టీ మీదికి పోయి, ఉన్న మట్టాన్ని బట్టి లెక్క కట్టి, సరైన అంకె వేశాను. ఇది మొదటిది. అక్టోబరులో మూడుసార్లు జరిగింది. నవంబరులో నాలుగుసార్లు. ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఆ అంకె మీద వేలు పెట్టడం నావల్ల కాలేదు. పెట్టబోయి రెండుసార్లు టీ కావాలా అని అడిగి వచ్చేశాను. చివరికి బతు బస్తీలో మా ఇంటి ఎదుటి దుకాణంలో ఒక రబ్బరు కొని, టిఫిను సంచీలో దాచుకుని ఆఫీసుకు తెచ్చాను. డిసెంబరు 24 నాటికి మొత్తం పదకొండు అంకెలు చెరిపి దిద్దాను. తేదీ, వేళ, ఆయన రాసినది, నేను మార్చినది నా డైరీలో ఉన్నాయి. రిజిస్టరులో మాత్రం ఆయన అంకెలు ఎప్పటిలాగే మచ్చ లేకుండా ఉన్నాయి.

డిసెంబరు 26 ఆదివారం. సముద్రానికి ఆదివారాలు లేవు గనుక ఆ ఉదయం డ్యూటీ ఆయనది. భూమి కదిలినప్పుడు నేను ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నానికి జెట్టీ దగ్గరికి చేరుకోగలిగాను. ఆయన ఆఫీసు డాబా మీద కూర్చుని ఉన్నారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నీళ్ళు లోపలికి రావడం చూసి చిత్తు కాగితాల అట్టను నడుముకు కట్టుకుని పైకెక్కారట. డాబా మీద నుంచి గోడ మీది గుర్తులను ఆధారం చేసుకుని నీరు ఎంత ఎత్తుకు వచ్చిందీ, ఎంత తగ్గిందీ వేళతో సహా రాశారు. నలభై ఆరు అంకెలు. తరువాత ఒక్కొక్కటీ సరిచూశాను; ఒక్కటి కూడా తప్పు లేదు. "మణమ్మా, ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నది ఆయన మొదటి మాట. "సూడు, ఇది సముద్రం తప్పు కాదు. మన కర్ర కిందికి దిగిపోయింది" అన్నది రెండోది.

ఆయన చెప్పింది నిజమైంది. ద్వీపం ఈ వైపున సుమారు మూడడుగుల మేర కుంగిపోయింది. పాత సున్నా సున్నా కాకుండా పోయింది. చౌల్దారీలో ఆయన వరిపొలంలోకి వచ్చిన నీరు మళ్ళీ బయటికి పోలేదు. ఆఫీసులో నెలల తరబడి ఏ అంకెనూ ఎవరూ నమ్మలేదు. పట్టికతో పొసగని ప్రతిదానికీ నేల కుంగిందన్నదే జవాబు. ఆ జవాబు వెనక సన్యాసిరావు గారి తప్పులు హాయిగా దాక్కున్నాయి. మనిషి పేరు మరిచిపోతే సునామీ, తాళం మరిచిపోతే సునామీ, చెప్పిందే చెబితే సునామీ. ఆ రోజుల్లో అందరికీ ఏదో ఒకటి అలా ఉండేది గనుక ఎవరూ తప్పు పట్టలేదు. ఈ ద్వీపాలలో మేము పెళ్ళిళ్ళనూ పుట్టినరోజులనూ కూడా సునామీకి ముందు, సునామీ తరువాత అని లెక్కపెట్టుకుంటాము. జబ్బును కూడా అలాగే లెక్కపెట్టాము.

2006 మార్చి 31 శుక్రవారం ఆయన పదవీ విరమణ. లడ్డూలు పంచడం, దండలు వేయడం అయ్యాక నన్ను జెట్టీ చివరికి పిలిచారు. పక్కన కూర్చోమన్నారు.

"మణమ్మా, నా కాగితాల మీద రబ్బరు పొట్టు కనిపిస్తోంది. ఎప్పటి నుంచి?"

"సునామీకి ముందు నుంచేనండీ" అన్నాను.

"ముందు నుంచా?" ఆయన నీటి వంక తిరిగారు. "నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు. ఇద్దరమూ భయపడ్డాం గదా."

"డాక్టరుకు చూపిద్దామండీ."

"చూపించి ఏటి చేస్తారు? సూడు, ఉష చెవిన మాత్రం వెయ్యకు. తల్లి లేని పిల్ల. సునామీ షాక్ అనుకుంటోంది, అనుకోనీ. బయటి నుంచి వచ్చిన దెబ్బ అంటే మనిషి తట్టుకుంటాడు."

వెయ్యనని మాట ఇచ్చాను. ఉష ఆయనకు ఒక్కతే కూతురు. అప్పటికి ముప్పై ఏళ్ళు, బడిలో టీచరు. ఉష చదువుకునే రోజుల్లోనే తల్లి జ్వరంతో పోయింది. పెళ్ళి ఊసెత్తిన వారినల్లా, "నాన్నకి నేనూ, నాకు నాన్నా చాలు, చలో టీ తాగండి" అని పంపించేసే మనిషి.

ఆ తరువాతి పదేళ్ళూ ఆయన ఒక్కో మెట్టే దిగారు. మునిగిన పొలం గట్టు దగ్గర ఒక వెదురు కర్ర పాతి, దానికి గీతలు గీసి, రోజూ వెళ్ళి నీటి మట్టం చూసి నోటుబుక్కులో రాసేవారు. నేను నెలకు రెండుసార్లు వెళ్ళేదాన్ని. 2009 జులై నోటుబుక్కులో ముప్పై ఒక్క రోజులకూ ఒకే అంకె ఉంది. పొరుగింటి దీదీ నన్ను చూసి జాలిగా, "సునామీ కే బాద్ సే ఐసే హీ హైఁ బేచారే. ఖేత్ గయా నా" అంది. సునామీ నుంచీ ఇంతే పాపం, పొలం పోయింది కదా అని. నేను తల ఊపాను. ఆ తల ఊపడం కూడా ఒక రబ్బరే.

2016 ఆగస్టులో ఉష మా ఇంటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, చెప్తే నవ్వకూడదు. ఒక పాపని పెంచుకుందామనుకుంటున్నా. ఫాం కూడా తెచ్చేశా."

నేను నవ్వలేదు. లెక్క వేశాను. ఆమెకు నలభై. ఉష నా మౌనాన్ని వేరుగా అర్థం చేసుకుంది.

"నాన్న సంగతేనా ఆలోచిస్తున్నావు? అది కూడా అడిగేశాను. ఈ మతిమరుపు జబ్బు కుటుంబాల్లో వస్తుందని ఎక్కడో చదివి, నాకూ వస్తే పాప గతేంటని భయమేసింది. ఇక్కడి డాక్టరు 'ఎప్పుడు మొదలైంది' అన్నాడు. సునామీ తర్వాతే అన్నాను. మత్‌లబ్, దెబ్బ తగిలి వచ్చిందే కదా, రక్తంలోది కాదు. ఇంక ఫికర్ లేదు."

డాక్టరు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి జవాబు ఆమె దగ్గర తప్పుగా ఉంది. సరైనది నా బీరువాలో, 2004 డైరీలో ఉంది. తొమ్మిది రోజులు దానిని తీయలేకపోయాను. ఇచ్చిన మాట ఒకవైపు, రాబోయే బిడ్డ ఒకవైపు. చెబితే ఆ ఫాం చించేస్తుందని భయం. చెప్పకపోతే ఆమె నా అంకెను నమ్ముకుని ప్రయాణం కడుతోంది. ఆయన అడిగింది కూతురి మనశ్శాంతి కోసం; అప్పటికి ఆ కూతురి వెనక మరొక బిడ్డ లేదు. ఉండి ఉంటే ఆయన అలా అడిగేవారు కారని నిశ్చయించుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజున చౌల్దారీ వెళ్ళాను. ఉష పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, డైరీ తెరిచి, సెప్టెంబరు 14 మీద వేలు పెట్టాను.

ఆమె పదకొండు తేదీలూ చదివింది. గదిలో మంచం మీద సన్యాసిరావు గారు కిటికీ ఊచలను లెక్కపెట్టుకుంటున్నారు.

"ఇదేంటక్కా?"

"సునామీకి నూట మూడు రోజుల ముందు మొదలైంది ఉషా. సెప్టెంబరులో పదహారు, అక్టోబరు ముప్పై ఒకటి, నవంబరు ముప్పై, డిసెంబరు ఇరవై ఆరు."

"కూడిక నాకూ వచ్చు!" అంది ఉష. "పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళు దీన్ని బీరువాలో పెట్టుకుని, నెలకి రెండుసార్లు వచ్చి నా చేతి కూర తిని వెళ్ళావా? అప్పుడే తెలిస్తే నాన్న తనకేం కావాలో తనే చెప్పుకునేవాడు కదా. ఇప్పుడు నా పేరైనా చెప్పలేడు. నాన్న దగ్గర నేర్చుకున్నది ఇదేనా నువ్వు?"

ఆయనే చెప్పవద్దన్నారని అనవచ్చును. అనలేదు. ఆయన తప్పు మీద నా తప్పును కప్పడం ఇంకొకసారి చేయదలచుకోలేదు. ఆ సంగతి ఆమెకు మరి రెండు నెలలకు, కోపం చల్లారాక చెప్పాను. ఆ రోజు మాత్రం ఆమె నన్ను గుమ్మం దాటేదాకా చూసి, తలుపు వేసుకుంది.

అక్టోబరులో ఫోను వచ్చింది. "నాన్నని చెన్నై తీసుకెళ్తున్నా. నువ్వూ రా. తేదీలు నీకే కదా తెలుసు" అంది, 'అక్కా' అనకుండా. అక్కడి డాక్టరమ్మ నెల్లూరు వైపు మనిషి. పరీక్షకు ముందే స్పష్టంగా చెప్పింది: "ఈ రక్తపరీక్ష మీ నాన్నగారి వైద్యాన్ని మార్చదు. మీ గురించి కొంత చెబుతుంది. అది వినడానికి మీరు సిద్ధమైతేనే చేద్దాం." ఉష సిద్ధమే అంది.

ఫలితం వచ్చిన రోజున డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించింది. చిన్న వయసులోనే తప్పకుండా జబ్బు తెచ్చే అరుదైన మార్పులు కొన్ని ఉన్నాయి. ఆయనలో అవి కనబడలేదు. మరొక జన్యువు ఉంది. అది రెండు, మూడు, నాలుగు అనే మూడు రకాలుగా ఉంటుంది. ప్రతి మనిషికీ రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. నాలుగో రకం ఒకటుంటే ముప్పు పెరుగుతుంది. రెండుంటే ఇంకా ఎక్కువ పెరుగుతుంది. సన్యాసిరావు గారికి రెండూ నాలుగో రకమే.

"అయితే నాకు?" అంది ఉష.

డాక్టరమ్మ జవాబు ఇచ్చేలోగానే నాకు లెక్క తేలిపోయింది. ఆయన దగ్గర ఇవ్వడానికి వేరే రకం లేదు. ఆమెకు ఒకటి వచ్చి తీరాలి. అందుకు పరీక్ష అక్కరలేదు. రెండోది తల్లి ఇచ్చినది. అది ఏ రకమో ఉష రక్తం చూస్తేగాని తెలియదు.

"ఒకటి ఉన్నట్టే అమ్మా. కానీ ఉన్నంత మాత్రాన వస్తుందని కాదు. రెండు ఉన్నవాళ్ళలో కూడా రానివాళ్ళు ఉన్నారు. ఒక్కటీ లేకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇది ముప్పు ఎంతో చెబుతుంది. తేదీ చెప్పదు."

"నాన్నకి యాభై ఎనిమిదిన్నరకి మొదలైంది. నాకూ అప్పుడే అనుకోవచ్చా?"

"అనుకోకూడదు. అలా చెప్పగలిగితే నేనే చెప్పేదాన్ని."

బయట వరండాలో సన్యాసిరావు గారిని మధ్యన కూర్చోబెట్టుకుని మేమిద్దరమూ చాలాసేపు ఉన్నాము. ఉష తన రక్తం ఇవ్వాలా వద్దా అన్నది ఆ పూటకే తేల్చుకోవాలి. మరునాడే మా విమానం. నేను పరీక్ష చేయించుకోమన్నాను. తెలిసిన అంకె తెలియని అంకెకన్నా ఎప్పుడూ మేలేనని వాదించాను.

"నీకు మేలు" అంది ఉష. "నీకు గడి ఖాళీగా ఉంటే నిద్ర పట్టదు. నాకు తేదీ కావాలి అక్కా. నా దగ్గర ఎన్నేళ్ళు ఉన్నాయో తెలిస్తే పాపని తెచ్చుకోవాలా వద్దా తేల్చుకుంటా. వీళ్ళు తేదీ ఇవ్వరు. ఇవ్వలేని దానికోసం రక్తం ఎందుకిచ్చుకోవాలి?"

"మరి పాప?"

ఆమె తండ్రి చొక్కా గుండీ ఒకటి సరిచేసి పెట్టింది. ఆయన మర్యాదగా, "థాంక్యూ మేడమ్" అన్నారు. ఉష నవ్వబోయి ఏడ్చింది. చున్నీతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నాన్న అప్పుడే అంతా పోగొట్టుకోలేదక్కా. తప్పులు మొదలయ్యాక కూడా పది, పదకొండేళ్ళు నన్ను గుర్తుపట్టాడు. మొదలైన రోజే ఎవరైనా చెప్పుంటే ఆ ఏళ్ళన్నీ వేరేగా గడిపేవాళ్ళం. నాకు అలా జరగకూడదు. ఒకవేళ నాకు మొదలైతే నేను చూసుకోలేను. నువ్వు చూస్తావు. చూసిన రోజే నా ముఖం మీద చెప్పాలి. జాలిపడి, టీ కావాలా అని అడిగి వెళ్ళిపోకూడదు. చెప్తానని మాటిస్తే పాపని తెచ్చుకుంటా. ఇవ్వకపోతే ఫాం చింపేస్తా. బోలో."

టీ సంగతి కూడా నా డైరీలో చదివిందన్నమాట. మాట ఇచ్చాను. ఒకసారి ఇచ్చి తప్పిన దానిని గనుక, ఈసారి ఇస్తున్నప్పుడు ఆ మాట బరువెంతో నాకు తెలుసు.

ఒంటరి మనిషి బిడ్డను పెంచుకుంటే, ఆమెకేదైనా అయినప్పుడు బిడ్డ బాధ్యత తీసుకుంటానని తనవాళ్ళెవరైనా రాసి ఇవ్వాలి. ఉష అధికారులకు తండ్రి జబ్బునూ, పరీక్ష ఫలితాన్నీ దాచకుండా చెప్పింది. వాళ్ళు నన్ను పిలిపించి ముప్పావుగంట ప్రశ్నించారు. ఉషకు యాభై ఎనిమిదిన్నర వచ్చేసరికి పాపకు ఇరవై, నాకు అరవై రెండు; సరిపోతుందని చెప్పాను. కాగితంలో బంధుత్వం అనే గడి దగ్గర ఆగిపోయాను. రక్తసంబంధం లేదు. చివరికి 'దరఖాస్తుదారు తండ్రిగారి శిష్యురాలు' అని రాశాను. ఆ అధికారి రెండుసార్లు చదివి ముద్ర వేశాడు.

2017 డిసెంబరులో మూడేళ్ళ జానకి చౌల్దారీ ఇంటికి వచ్చింది. సన్యాసిరావు గారు ఆ తరువాత ఒక సంవత్సరమూ నాలుగు నెలలూ ఉన్నారు. ఆ పిల్ల ఎవరో ఆయనకు ఏనాడూ తెలియలేదు. కానీ అది కిటికీ ఊచలు పట్టుకుని, "ఏక్, దో, చార్" అని లెక్కపెడితే మాత్రం ఆయన చేయి ఎత్తేవారు. మాట పూర్తిగా పోయిన రోజుల్లో కూడా ఎత్తేవారు. జానకి, "ఫిర్ సే?" అని అడిగి మొదటి ఊచ దగ్గరికి వెళ్ళేది. మూడు సరిగ్గా వచ్చేదాకా ఆయన చేయి దిగేది కాదు. ఆయన వెళ్ళిపోయింది 2019 ఏప్రిల్‌లో, ఒక ఉదయం, నిద్రలో.

ఇప్పుడు ఉషకు నలభై తొమ్మిది. ప్రతి ఆదివారమూ వాళ్ళింట్లో నా భోజనం. తిన్నంతసేపూ ఆమె మాటలను వింటూనే ఉంటాను. నేను వింటున్నానని ఆమెకు తెలుసు. మనిషిని ప్రేమించడం అంటే తప్పును కప్పడమని నేను చాలా కాలం నమ్మాను. పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించడం అంతకన్నా కష్టమైన ప్రేమ అని సన్యాసిరావు గారు నాకు రోజూ చూపిస్తూనే ఉన్నా, అది ఆయన విషయంలోనే నాకు చేతకాలేదు. అందుకని ఆ పనిని ఆయన కూతురి దగ్గర నేర్చుకుంటున్నాను.

కిందటి నెలలో ఒక ఆదివారం ఉష తన బడిలో జరిగిన ముచ్చట ఒకటి చెప్పింది. కొత్త హెడ్మాస్టరు గొడుగు అనుకుని వేరొకరి చేతికర్ర పట్టుకుని వానలోకి వెళ్ళాడట. పది నిమిషాల తరువాత, సాంబారు వడ్డిస్తూ, అదే ముచ్చట మొదటి నుంచి ఎత్తుకుంది. టీ కావాలా అనే మాట గొంతు దాకా వచ్చింది. కంచం పక్కకు జరిపి, లేచి వెళ్ళి, ఆమె పక్కన కూర్చున్నాను.

"ఉషా, ఇది ఇందాకే చెప్పావు."

జానకి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. ఉష గరిటె దించి, నా ముఖంలోకి చూసింది. ఆ క్షణంలో ఆమె కూడా తనలో తాను వెతుక్కుందని నాకు తెలుసు.

"తెలుసక్కా" అంది నెమ్మదిగా. "ఇందాక నువ్వు నవ్వలేదు. వినలేదేమో అనుకున్నా."

అప్పుడు ముగ్గురమూ నవ్వాము, ముచ్చటకు కాదు. భోజనాలయ్యాక, ఆమె చూస్తుండగానే డైరీ తీసి తేదీ, వేళ, ఆమె అన్నది, నేను అన్నది రాశాను. ఉష నా భుజం మీదుగా వంగి పూర్తిగా చదివి, "సాంబారు బాగుందని కూడా రాయి" అంది. రాశాను.